కింద నిలబడ్డవాడి లెక్క

'స్వేచ్ఛాపతనం' అని మన ఫిజిక్సు పుస్తకాల్లో ఒక మాట ఉంది. గాలి అడ్డు లేకుండా, భూమి ఒక్కటే లాగుతుంటే వస్తువు కిందికి పడటాన్ని అట్లా అంటారు. స్వేచ్ఛ ఒకటి, పతనం ఒకటి. ఈ రెంటినీ కలిపి సమాసం చేసిన పండితుడు మా పల్లె ముఖం చూసి ఉండడు. ఈ దేశంలో మా జాతికి అడ్డూ ఆపూ లేకుండా దక్కిన స్వేచ్ఛ అదొక్కటే గదా, పడటం! బావిలో పడొచ్చు. పొగాకు బేరన్ లోపల దూలాల మీంచి పడొచ్చు. దొరల కాళ్ళ మీద పడొచ్చు. ఎవడూ వద్దనడు. లేవబోయినప్పుడే అందరికీ శాస్త్రాలు గుర్తుకొస్తాయి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. మా వంశంలో డిగ్రీ కాయితం చేతబట్టుకున్న మొదటివాణ్ణి. మాది ప్రకాశం జిల్లా మెట్ట. మాదిగపల్లె. మా నాయన బావులు తవ్వేవాడు. అమ్మ కూలికి పోయేది, ఇప్పటికీ పోతానే ఉంది, వద్దంటే వినదు. గురుత్వాకర్షణ పాఠం నేను ఏటా చెబుతాను. చెప్పినప్పుడల్లా కోపం వస్తుంది. భూమి మీద కాదు నా కోపం. భూమికి కులం లేదు. మాదిగోడి చేతిలోంచి జారిన రాయినీ, బాపనాయన చేతిలోంచి జారిన రాయినీ సెకనుకి సెకనుకి ఒకే లెక్కన వేగం పెంచి లాక్కుంటుంది. నా కోపమల్లా ఈ న్యాయమైన సంగతిని బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్ళ మీద.

తాళం అని ఊరికే అలంకారానికి అనలేదు. నేను చదివిన హైస్కూల్లో సైన్సు ల్యాబు అని ఒక గది ఉండేది. 2000 నుంచి 2005 దాకా, ఆరు నుంచి పది దాకా, నేను అక్కడే చదివాను. ఆ అయిదేళ్ళూ ఆ గదికి తాళమే. ఏడాదికొకసారి ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు తెరిచేవాళ్ళు. తెరిచింది పాఠానికి కాదు, ఊడవటానికి. "పల్లె పిల్లకాయలు నలుగురు రండిరా" అని అటెండరు వరండాలోంచి కేకేసేవాడు. ఊళ్ళో రైతుల పిల్లలు క్లాసులో కూర్చుని చదువుకుంటుండేవాళ్ళు. మేం నలుగురం చీపురు, తడిగుడ్డ పట్టుకుని లోపలికి పోయేవాళ్ళం. మా పేర్లు ఆయనకి అక్కర్లేదు. పల్లె అంటే చాలు, ఎవరు లేవాలో మాకు తెలుసు.

బీరువా తెరిస్తే గబ్బిలాల వాసన. స్ప్రింగు త్రాసు, స్క్రూగేజి, వెర్నియర్ కాలిపర్సు, ఇనుప స్టాండ్లు, సీసపు గుండ్లు, చెక్క గుండ్లు, ఆకుపచ్చ డబ్బాలో దూది మధ్యన పడుకోబెట్టిన స్టాప్ క్లాకు. మీటరు పొడుగు గాజు గొట్టం ఒకటి ఉండేది, లోపల ఒక నాణెం, ఒక కోడీక. నేను వాటన్నిటినీ తుడిచాను. దుమ్ము పోయిందాకా తుడిచి, ఎక్కడివి అక్కడ పెట్టాను. ఆ గదిలో నేను తుడవని వస్తువు లేదు. వాడిన వస్తువూ లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, 'ల్యాబు పరిశుభ్రంగా ఉన్నది' అని రాసి పోయాడు. ఆ మెప్పులో మా నలుగురికి వాటా లేదు.

అక్కడ 'కప్పీ' అని చీటీ అంటించిన సామాను ఒకటుంది. అది చూసి నాకు నవ్వొచ్చింది. అది గిలక. మా ఇంట్లో చూరుకి వేలాడేది. మా నాయన దానికి ఆముదం పూసేవాడు. ఆ గిలక మీంచి మోకు వేసి, గంపలో మట్టీ రాళ్ళూ పైకి లాగి, ఆ గిలక కిందనే మా బతుకు గడిచింది. క్లాసులో సార్ "కప్పీ అంటే ఏంది?" అనడిగితే పల్లె పిల్లలం ఒక్కరం చెయ్యెత్తలేదు. "వీళ్ళకి బుర్రలో మట్టి" అన్నాడు. గిలక అనడిగితే మోకు ఎక్కడ తెగుద్దో, ఎందుకు తెగుద్దో గూడా చెప్పేవాళ్ళం. మా దగ్గరున్న సంగతికి వాళ్ళ దగ్గరున్న పేరు పెట్టి, ఆ పేరు తెలియదు గనక ఆ సంగతే తెలియదంటారు. చదువులో మాకు జరిగిన మొదటి మోసం ఇదే.

తొమ్మిదో తరగతిలో, 2003లో, ఒక్కసారి ప్రయోగం చూపించారు. బరువైనదీ తేలికైనదీ ఒకేసారి వదిలితే ఒకేసారి నేలను తాకుతాయని. సార్ బల్లమీద కుర్చీ వేయించాడు. ఊళ్ళో పెద్ద రైతు కొడుకు ఒకడు కుర్చీ ఎక్కాడు. వాడి ఒక చేతిలో సీసపు గుండు, ఇంకో చేతిలో చెక్క గుండు. రెండోవాడి చేతిలో స్టాప్ క్లాకు, దాంతో ఆ ప్రయోగానికి పనే లేదు, ఊరికే గొప్పకి. నన్ను బల్ల పక్కన కింద కూర్చోమన్నారు, దొర్లిపోయిన గుండ్లు ఏరి ఇవ్వటానికి. వాడు పైనుంచి వదులుతాడు, నేను కిందనుంచి ఏరి ఇస్తాను. ఆరుసార్లు వదిలాడు. ఆరుసార్లు ఏరి ఇచ్చాను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ రెండు గుండ్లూ నేలకి తగిలి 'టక్'మని ఒకే చప్పుడు రావటం అందరికంటే దగ్గర్నుంచి విన్నది నేనే. వెనక బెంచీలవాళ్ళకి అది వినపడను గూడా లేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. "సార్, నేనొకసారి ఎక్కి వదుల్తా" అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "ఎందుకులేరా, ఎవరుండాల్సిన చోట వాళ్ళుంటేనే ప్రయోగం సక్రమంగా జరుగుద్ది" అన్నాడు.

ఆయన ఆ మాట కొత్తగా కనిపెట్టలేదని డిగ్రీలో చేరాక తెలిసింది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు దేశపు అరిస్టాటిల్ ఇదే చెప్పాడు. ప్రతి వస్తువుకీ ఒక సహజస్థానం ఉంటుందన్నాడు. మట్టిది అడుగున చోటు, నిప్పుది పైన చోటు. రాయి కింద పడుతుందంటే దాని సొంత చోటుకి అది పోతున్నదన్నమాట. ఎంత బరువైతే అంత తొందరగా పోతుందన్నాడు. కొందరు పుట్టుకతోనే బానిసలని రాసినవాడూ ఆయనే. రాళ్ళ గురించి చెప్పింది, మనుషుల గురించి చెప్పింది, రెండూ ఒక బుర్రలోంచే వచ్చాయి. మన దేశంలో ఇదే సరుకుకి వర్ణధర్మం అని పేరు. ముఖం నుంచి పుట్టినవాడికి పైన చోటు, పాదాల నుంచి పుట్టినవాడికి కింద చోటు, ఆ పాదాల్లో గూడా చోటు దొరకని మేము ఊరవతల. ఎవడి చోటు వాడికి స్వభావం, దాన్ని కదిలించటం పాపం. మా సార్‌కి అరిస్టాటిల్ తెలియదు. అయినా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

దాదాపు రెండు వేల ఏళ్ళు యూరపులో ఆ మాటే చెల్లింది. మధ్యలో కాదన్నవాళ్ళు లేకపోలేదు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్ కాదన్నాడు. 1586లో హాలండు దేశపు డెల్ఫ్ట్ పట్నంలో సైమన్ స్టెవిన్ అనే ఇంజనీరు, ఒకదానికంటే ఇంకొకటి పది రెట్లు బరువుండే రెండు సీసపు గుండ్లని 30 అడుగుల ఎత్తునుంచి ఒక పలక మీదికి వదిలించాడు. ఆయన కంటితో చూసి తేల్చలేదు. చెవితో విని తేల్చాడు. రెండు గుండ్లది ఒకే చప్పుడు. ఈ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బల్లకింద కూర్చుని విన్నది అదే గదా! సైన్సు చరిత్రలో ఆ మనిషి నిలబడ్డ చోటునే నన్నూ కూర్చోబెట్టారు. కానీ ఆయన చేతిలో కలం ఉంది, నా చేతిలో తడిగుడ్డ ఉంది.

తర్వాత గెలీలియో. పీసా గోపురం కథ ఆయన శిష్యుడు వివియాని రాసింది, అది జరిగిందా లేదా అని చరిత్రకారులే చాలామంది అనుమానిస్తారు. మన పుస్తకాలకి మాత్రం ఆ గోపురమే కావాలి, ఎందుకంటే అది ఎత్తు. ఆయన నిజంగా చేసిన పని నేలబారు పని. పడే రాయి వేగాన్ని అప్పటి గడియారాలు కొలవలేవు గనక, వాలు పలక చేసి, దానిమీద కంచు గుండుని దొర్లించాడు. వాలు తగ్గించి పతనాన్ని నిదానం చేశాడు. కుండలోంచి సన్నధారగా కారే నీళ్ళని తూచి కాలం లెక్కగట్టాడు. కుండ, పలక, గుండు. మా పల్లెలో దొరకని సామాను ఇందులో ఏముంది చెప్పండి? 1633లో చర్చి ఆయన్ని విచారించి ఇంట్లో నిర్బంధించింది. 1638లో లైడెన్‌లో పుస్తకం అచ్చయింది. అప్పటికి అరిస్టాటిల్ సహజస్థానాలకి నూకలు చెల్లాయి. రాళ్ళకి చెల్లాయి. మాకు ఇంకా చెల్లలేదు.

ఇక ఆ లెక్క సంగతి. గుండ్ల ప్రయోగం జరిగిన వారంలోనే సార్ బోర్డు మీద ఒక లెక్క రాశాడు. 'ఒక బాలుడు 20 మీటర్ల ఎత్తున్న మేడ పైనుంచి ఒక రాయిని జారవిడిచెను. అది నేలను చేరు వేగమెంత? పట్టు కాలమెంత?'

20 మీటర్లంటే 65 అడుగులు. అంతకు నాలుగు నెలల ముందు, ఆ ఎండాకాలంలో, మా చిన్నాయన 65 అడుగుల బావిలో చచ్చిపోయాడు. ఒక ఆసామి చేలో బావి. అడుగున రాయి తగిలితే తూటాలు పెట్టి పేల్చారు. పగిలిన రాళ్ళు గంపకెత్తి పంపుతున్నారు. ఆసామి ఇచ్చిన మోకు పాతది. గిలక దగ్గర పోగులు తేలి ఉన్నాయని మా నాయన రెండురోజుల ముందే చెప్పాడు. "ఈ బావికి కొత్త మోకా?" అన్నాడట ఆసామి. గంప గట్టు దాకా వచ్చి మోకు తెగింది. "రాయోయ్!" అని పైనుంచి కేక. బావి పనిలో ఆ కేక వినపడితే గోడకి అతుక్కుపోవాలి, తలెత్తి చూడబాకు అని మా నాయన ప్రతి కొత్త మనిషికీ చెప్పేవాడు. మా నాయన ఒక గోడకి అతుక్కున్నాడు. చిన్నాయన వంగి గడ్డపార మీద ఉన్నాడు.

నేను ఆ లెక్క చేశాను. వేగం సెకనుకి 19.8 మీటర్లు. అంటే గంటకి 70 కిలోమీటర్ల పైన, రోడ్డుమీద లారీ వేగం. కాలం రెండు సెకన్లు. కేక పైనుంచి కిందికి రావటానికి ఒక పిసరు కాలం, మనిషి విని కదలటానికి ఇంకొంచెం. మిగిలిందే మనిషి ప్రాణం. క్లాసులో అందరికంటే ముందు పలక ఎత్తింది నేనే. సార్ "సరిపోయింది" అన్నాడు. సరిపోయింది మరి! ఆసామి ఒక బస్తా బియ్యం, అయిదు వేల రూపాయలు ఇచ్చాడు. కేసు లేదు. పెద్దమనుషులు 'వాడి ఖర్మ' అని తేల్చారు. మోకు తెగటానికి ఖర్మ అని పేరుపెట్టే దేశంలో గురుత్వాకర్షణ పాఠం దేనికి?

మీరు ఏ ఫిజిక్సు పుస్తకమన్నా తీయండి. మేడ పైనుంచి రాయి, గోపురం పైనుంచి బంతి, కొండ పైనుంచి గుండు. ఆ మేడ ఎవరిదని ఎవరూ అడగరు. కింద ఎవరున్నారని అసలే అడగరు. లెక్క ఎప్పుడూ పైనున్నవాడి చేతిలోంచి మొదలవుతుంది. కింద నిలబడ్డవాడు లెక్కలోకి రాడు. 'నేలను చేరెను' అని ముగుస్తుంది. నేల కాదు అది, మా చిన్నాయన వీపు.

దీనికి జవాబుగా వెంటనే ఒక మాట వస్తుందని నాకు తెలుసు. "అన్నిట్లోకీ కులం ఎందుకు లాగుతావయ్యా, సైన్సు అందరికీ సమానమే, చదివినవాడికి వస్తుంది, చదవనివాడికి రాదు, మెరిట్ ఒకటుందిగదా" అని. స్టాఫ్‌రూముల్లో ఈ మాట నేను టీ తాగినన్నిసార్లు విన్నాను. బీఎడ్ చదివేటప్పుడు 'కోటా సార్' అని ముద్దుపేరు పెట్టినవాళ్ళూ ఈ మాటే అనేవాళ్ళు. వీళ్ళకి నేను ఆ గాజు గొట్టంతోనే జవాబు చెబుతాను.

గొట్టంలో గాలి ఉన్నప్పుడు తిరగేస్తే నాణెం ముందు పడుతుంది. ఈక ఊగుతూ తూగుతూ వెనకొస్తుంది. అది చూసి 'ఈకకి సత్తా లేదు' అనేవాడు అరిస్టాటిల్ మనవడు. పంపుతో గాలి తీసేసి మళ్ళీ తిరగేయండి. రెండూ కలిసి పడతాయి. 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద, గాలి లేని చోట, అపోలో 15లో పోయిన డేవిడ్ స్కాట్ ఒక సుత్తినీ ఒక డేగ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేల తాకాయి. ఈకలో లోపం లేదు. అడ్డుపడ్డది గాలి. మీరు మెరిట్ అంటున్నది ఆ గాలి. తరతరాల భూమి, ఇంట్లో పుస్తకం, అర్థం చెప్పే తండ్రి, ట్యూషను, వీధిలో తలెత్తుకు నడిచే ధైర్యం, ఇదంతా నాణేనికి అడ్డుపడదు, ఈకని మాత్రం పట్టి ఆపుతుంది. గాలి కంటికి కనపడదు గనక లేదంటారు. మా స్కూలు గొట్టానికి పంపు లేదు. ఎప్పుడో పోయిందట. ఇండెంటు పెట్టలేదు. గాలి తీసే పంపు లేకుండా నాణెం, ఈక ఉన్న ల్యాబు! ఈ దేశానికి అంతకంటే మంచి బొమ్మ నేను గీయలేను.

ఇంటర్మీడియెట్‌లో ఈ మెరిట్ అసలు రూపం చూశాను. ఫిజిక్సు ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. లఘులోలకంతో 'జి' విలువ కనుక్కోవాలి. మీటరు దారానికి గుండు కట్టి ఊపితే ఒక ఊపు పోయిరావటానికి రెండు సెకన్లు పడుతుంది. ఒక్క ఊపుని కొలిస్తే లాభం లేదు. కన్ను చూసి బొటనవేలు నొక్కటానికే సెకనులో అయిదో వంతు పోతుంది. అందుకని 20 ఊపులు కొలిచి భాగిస్తారు, తప్పు ఇరవయ్యో వంతుకి తగ్గుతుంది. ఎంత అందమైన ఉపాయం! నేను గవర్నమెంటు కాలేజీలో చదివాను. మాకు స్టాప్ క్లాకులు మూడు, పిల్లలం అరవై మందిమి. బొటనవేలు ఆనించే దాకా మా వంతు రాలేదు. ఏకలవ్యుడి దగ్గర కోసి తీసుకున్నారు, మా దగ్గర ఊరకే ఉంచేశారు, అంతే తేడా. సీనియర్ల రికార్డు చూసి అందరం ఎక్కించాలి, అదే ఆచారం. అరవై రికార్డుల్లో 'జి' విలువ 980. పట్నంలో పెద్ద ఫీజులు కట్టి చదివినవాళ్ళు నాతో బీఎడ్‌లో చేరారు. వాళ్ళలో ముగ్గురు నలుగురు దారానికి గుండు కట్టి ఎరగమని నవ్వుతూ చెప్పారు. వాళ్ళకి 30కి 30. దాని పేరే మెరిట్.

మెరిట్ పుణ్యకథలు చెప్పేవాళ్ళు రోహిత్ వేముల పేరెత్తరు. కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్న మనిషి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి వెలివేయబడి 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. నక్షత్రాల వైపు చూసినవాణ్ణి గూడా కిందికే లాగారు. ఆ లాగింది గురుత్వాకర్షణ కాదు.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. వీళ్ళు మెరిట్ దగ్గర ఆగరు. "న్యూటన్ ఏందయ్యా, మన భాస్కరాచార్యుడు ఎప్పుడో చెప్పాడు" అంటారు. నిజమే, 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో భూమికి లాగే శక్తి ఉందని భాస్కరుడు రాశాడు. గొప్పవాడే. నేను కాదనను, పిల్లలకీ చెబుతాను. అయితే నా ప్రశ్న వేరు. ఆ పుస్తకం చదివే హక్కు ఎవరికుంది? మా తాతల చెవిన ఆ మాట ఎందుకు పడలేదు? తెలుసుకున్నదాన్ని నాలుగు ఇళ్ళలో దాచుకుంటే అది పెరగదు, కుళ్ళుద్ది. బెంగాల్లో మేఘనాథ్ సాహా అనే ఫిజిక్సు శాస్త్రవేత్త ఉండేవాడు. నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడిని లెక్కగట్టే సూత్రం 1920లో ఇచ్చినవాడు. తక్కువ కులమని కలకత్తా హాస్టల్లో ఆయనతో కలిసి తినటానికి తోటి విద్యార్థులు ఒప్పుకోలేదు. అన్నీ వేదాల్లోనే ఉన్నాయనేవాళ్ళని తర్వాతి రోజుల్లో బెంగాలీలో ఎద్దేవా చేసి రాసిందీ ఆయనే. పక్కన కూర్చుని తినటానికి పనికిరానివాడు ఆకాశాన్ని చదివాడు. ఆకాశం అతన్ని కులం అడగలేదు.

ఇప్పుడు నా బడి సంగతి. నేను చేరిన రోజు నాకు చార్జి అప్పగించింది ఒక తాళంచెవి, ఒక స్టాకు రిజిస్టరు. "తెరవబాకు మాస్టారూ, పగిలితే జీతంలో రికవరీ పెడతారు" అని నా ముందు పనిచేసినాయన ప్రేమగానే చెప్పాడు. ఇదీ అసలు కిటుకు. రిజిస్టరులో సామాను పదిలంగా ఉంటే టీచరు మంచివాడు. పిల్లాడి చేతిలో బీకరు పగిలితే టీచరు దోషి. పగలని బీకరుకి విలువుంది, నేర్వని పిల్లకి లేదు. అప్పటినుంచీ ఆ తాళం పగలు వేయలేదు నేను. ఇప్పటికి బీకర్లు పదకొండు పగిలాయి, స్టాప్ క్లాకు ఒకటి పోయింది. అన్నీ రిజిస్టరులో ఎర్రసిరాతో రాసి సంతకం పెట్టాను.

పాఠం గదిలోనే చెప్పను. పిల్లల్ని పల్లె పక్కనున్న పాడుబడ్డ బావి దగ్గరికి తీసుకుపోతాను. రాయి వదిలి, నీళ్ళ చప్పుడు దాకా లెక్కబెట్టమంటాను. ఒక సెకనుకి అయిదు మీటర్లు, రెండు సెకన్లకి ఇరవై. లోతు ఎంతో వాళ్ళే చెబుతారు, తర్వాత తాడు వేసి సరిచూస్తారు. ఒకప్పుడు మా వాళ్ళు తవ్విన బావి అది. నీళ్ళు పడిందాకా బావి అడుగున మా తాత. నీళ్ళు పడ్డాక గట్టు ఎక్కితే మైల. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగటానికి బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుపోయిన సంగతి ఆ బావి గట్టుమీదనే చెబుతాను. సిలబస్‌లో లేదు గదా అంటారు. బావి గూడా లేదు సిలబస్‌లో.

రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో మాలపల్లె నుంచి ఒక పిల్ల వచ్చేది. నెమ్మదైన పిల్ల. సైకిలు షాపులో అడిగి తెచ్చుకున్న ఇనుప నట్టుని నూలు దారానికి కట్టి, మేకుకి వేలాడదీసి, సరిగ్గా 100 సెంటీమీటర్లు కొలిచి, 20 ఊపులు మూడుసార్లు లెక్కబెట్టింది. 40.2, 40.4, 40.3 సెకన్లు. లెక్కగడితే 'జి' 972 వచ్చింది. రికార్డులో అదే రాసింది.

ఆ నెలలో విజిట్‌కి ఒక అధికారి వచ్చాడు. రికార్డులు తిరగేస్తూ 972 దగ్గర ఆగాడు. "ఏం మాస్టారూ, 'జి' ఎంతో పిల్లలకి చెప్పలేదా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపల ఆ పిల్ల లేచి, "నేను కొలిస్తే అంతే వచ్చింది సార్" అంది. "తప్పు గదమ్మా, కొట్టేసి 980 వెయ్యి" అన్నాడు ఆయన. కోపంగా గాదు, బొట్టు సరిచేసినంత మెల్లగా. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను వద్దని తలూపాను. అది కలం మూసింది. ఆయన విజిట్ పుస్తకంలో 'ప్రయోగ ఫలితములు పాఠ్యపుస్తకముతో సరిపోవునట్లు చూడవలెను' అని రాశాడు.

ఆ వాక్యం మళ్ళీ చదవండి. పుస్తకం ముందు, ప్రపంచం తర్వాత. గెలీలియో విచారణ జరిపినవాళ్ళు అన్నది ఇంతకంటే ఎక్కువేం కాదు.

మర్నాడు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "సార్, నట్టు వేలాడదీసినాక దారం సాగిందేమో, మళ్ళీ కొలుస్తా" అంది. కొలిస్తే 100 కాదు, 100.6. ఆరు మిల్లీమీటర్లు సాగింది. ఆ పొడుగుతో మళ్ళీ లెక్కగట్టింది. 978. ధ్రువాల దగ్గర 'జి' విలువ 983, భూమధ్యరేఖ దగ్గర 978. మనం ఉన్న చోట లెక్క ప్రకారం 978 దాటి ఎంతో ఉండదు. 980 అనేది పుస్తకాల సౌకర్యానికి గుండ్రం చేసిన అంకె, మన నేలది కాదు. అంత కచ్చితంగా కుదరటంలో కొంత అదృష్టం కూడా ఉంది, గడియారంలో సెకనులో పదో వంతు తేడా వస్తే ఈ అంకె అయిదు అటో ఇటో జరుగుద్ది, అదీ ఆ పిల్లకి చెప్పాను. కానీ ఆ రోజు అధికారి మాట విని 972ని కొట్టేసి ఉంటే దారం సాగిందన్న సంగతి ఎవరికి తెలిసేది?

విజిట్ పుస్తకంలో ఆయన వాక్యం కింద నేను ఆ పిల్ల రీడింగులు మూడూ, దారం రెండు కొలతలూ, రెండు ఫలితాలూ వరసగా రాశాను. మన ప్రాంతపు విలువ 978 దగ్గర అని రాసి తేదీ వేసి సంతకం పెట్టాను. కింద ఆ పిల్లతో గూడా పెట్టించాను. "పిల్లల సంతకాలు దాంట్లో పెట్టకూడదు మాస్టారూ" అన్నాడు హెడ్మాస్టరు. వివరణ ఇమ్మని మెమో వచ్చింది. వివరణగా లఘులోలకం లెక్క మొత్తం మూడు పేజీలు రాసి, బొమ్మ గీసి పంపాను. ఇంతవరకు జవాబు రాలేదు. పుస్తకం ఆఫీసు రూములో కిటికీ పక్క ర్యాకులో ఉంది. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది, ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో అని మొన్న ఫోన్ చేసింది, కాలేజీలో స్టాప్ క్లాకులు ఎన్ని ఉన్నాయని అడిగాను.